ఒక్కరి గుడారం

"ఒక్కళ్ళకేనా? ఇద్దరు పట్టేది తీసుకోరాదూ!" అన్నారు మావారు, కొట్లోనే. హిమాలయాల్లో నడిచేదీ, వీపున మోసేదీ నేను. ఆయన మోకాళ్ళు మేడమెట్లకే మొరాయిస్తాయి.

ఇద్దరిదైతే రెండు కిలోల పైమాటే. ఒంటిపొరది కిలో కూడా లేదు. చేతికర్రే దానికి నిట్రాడ. నా మనసు దానిమీదికే పోయింది. కొట్టు కుర్రాడే నిజం చెప్పాడు, పాపం: "చలిరాత్రి మీ ఊపిరే గుడ్డకి నీరుపట్టి, తెల్లారేసరికి మీమీదే కారుతుందండీ."

లోపల జాలీ, పైన వేరే గుడ్డా ఉన్న కిలోన్నరది వేయించాను. కుచ్చిళ్ళు సర్దుకుని అక్కడే దూరి పడుకున్నాను. సరిగ్గా నా అంతే. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో, పక్కన ఎవరికీ చోటులేని పడక అదే మొదటిది.

"బావుందా?" అన్నారాయన బయటినుంచి.

కాసేపు పలకలేదు.