మెదక్ గుడి నీడలో సద్ది

హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్ దేవాలయానికి వెళ్ళే కుటుంబాలకు రెండు చిన్న మాటలు.

పగటిపూటే చేరుకోండి. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చూపే రంగుటద్దాల కిటికీలు సూర్యకాంతితోనే వెలుగుతాయి. పొద్దుగూకితే ఆ బొమ్మలు కనబడవు. పిల్లలను కాసేపు నెమ్మదిగా చూడనివ్వండి.

రెండవది, ఇంటినుండి సద్ది కట్టుకొని వెళ్ళండి. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, ఉల్లిగడ్డ చాలు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఈ ఆలయాన్ని కట్టించిన పాస్నెట్ దొరగారు, కరవుతో అలమటించినవారికి ఇక్కడ పని చూపి అన్నం పెట్టారు. ఆకలిగొన్నవారి చేతులే ఈ రాళ్ళను లేపాయి. గనుక రెండు రొట్టెలు ఎక్కువ కట్టుకోండి. నీడ చూసుకొని, ప్రార్థించి మూట విప్పినప్పుడు, ఒంటరిగా కూర్చున్నవారిని ఒకరిని పిలవండి. పంచుకున్న రొట్టెకున్న రుచి వేరు.