ఒక పెట్టెలో నాలుగు యంత్రాలు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఒక ఏకోపాధ్యాయ పాఠశాలకు వేశారు. అంటే బడి మొత్తానికి ఒక్కడే పంతులన్నమాట. ఒకటో తరగతి వాళ్ళు అక్షరాలు దిద్దుతూ వుండగా మూడో తరగతికి లెక్క చెప్పేవాణ్ణి. వాళ్ళు ఆ లెక్క చేస్తూ వుండగా అయిదో తరగతి చేత పాఠం చదివించేవాణ్ణి. ఏ తరగతి వాళ్ళయినా, "పంతులుగారు మాకే పాఠం చెబుతున్నారు" అని అనుకునేవాళ్ళు.

పిల్లలూ! కంప్యూటరు కూడా సరిగ్గా ఇలాటి పనే చెయ్యగలదు. ఒకే కంప్యూటరు చేత నాలుగైదు కంప్యూటర్ల వేషాలు వేయించవచ్చు. ఈ వేషాలను "వర్చువల్ మెషిన్లు" అంటారు. వాటిని ఆడించే సూత్రధారి వంటి ప్రోగ్రాముకు "హైపర్‌వైజర్" అని పేరు. ఒక వేషం తప్పటడుగు వేసి ఆగిపోయినా, మిగిలిన వేషాలు తమ ఆట తాము ఆడుతూనే వుంటవి.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. 1967లోనే, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి పట్నంలో, ఐబీఎం కంపెనీ వాళ్ళు సీపీ-40 అనే ఏర్పాటుతో ఒక పెద్ద యంత్రాన్ని 14 యంత్రాలుగా నడిపారు. తరవాత 2005లో ఇంటెల్ కంపెనీ, 2006లో ఏఎండీ కంపెనీ మామూలు కంప్యూటర్ల ప్రాసెసర్లలోనే ఇందుకు కావలిసిన సదుపాయం చేర్చాయి. అందుచేత ఒకప్పుడు పెద్ద కంపెనీలకే సాధ్యమైన పని ఇవాళ మన ఇంటి బల్ల మీద జరుగుతున్నది.

పోయిన వేసవిలో, పాలిటెక్నిక్ చదువుతున్న మా మనవరాలు, "తాతయ్యా, మన ఇంటికి ఒక సర్వరు కొందాం," అన్నది. సర్వరు అంటే రాత్రింబగళ్ళు మేలుకుని, ఇంట్లో వాళ్ళు అడిగినదల్లా అందిస్తూ వుండే కంప్యూటరు. ఒక దుకాణంలో పాత సర్వరు ఒకటి అమ్మకానికి వున్నదట. రెండు ప్రాసెసర్లు, ఇంత పొడుగు పెట్టె, ధర చాలా చవక. దాన్ని చూసి వచ్చిన దగ్గిర నుంచీ ఆ పిల్ల కాలు ఒకచోట నిలవటం లేదు.

"కొందాంలే తల్లీ. ముందు అది చెయ్యవలసిన పనులు కాగితం మీద రాయి," అన్నాను.

ఆమె నాలుగు పనులు రాసింది. ఒకటి, ఇంటిల్లిపాది ఫొటోలూ, మా ఆవిడ పాడిన మంగళహారతులూ భద్రపరచటం. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆ పాటలు ఒక పాత ఫోనులో తప్ప మరెక్కడా లేవు. రెండు, ఇంట్లో ఫోన్లకు వచ్చే ప్రకటనల బెడద తగ్గించటం. మూడు, కాలేజీ పాఠాల కోసం లినక్స్ యంత్రం ఒకటి. దాన్ని చెడగొట్టి మళ్ళీ కట్టుకుంటూ నేర్చుకోవాలి. నాలుగు, వాళ్ళ నాన్న లెక్కలు రాసుకునే ప్రోగ్రాము కోసం విండోస్ యంత్రం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ప్రాసెసరు పంతులు వంటిది. నాలుగు తరగతులూ ఒక్కసారే ప్రశ్న అడగవు కనక, ఒక పంతులు తన కాలాన్ని అందరికీ పంచగలడు. మెమరీ అలా కాదు. అది బల్ల మీద చోటు వంటిది. ఒక పిల్లవాడు కూచున్న చోట ఇంకొకణ్ణి కూచోబెట్టలేం. అందుచేత ప్రతి యంత్రానికీ ఎంత మెమరీ కావాలో విడిగా రాసుకుని కూడాలి. ఫొటోల యంత్రానికి 4 జీబీ, ప్రకటనలు ఆపేదానికి 1, లినక్స్‌కు 4, విండోస్‌కు 8, సూత్రధారికి 3. మొత్తం 20 జీబీ. ముందు ముందు ఇంకొక పని వచ్చి పడుతుంది కనక 32 జీబీ వుండాలని నిశ్చయించాం. ఒకరి చోటు ఒకరికి సర్దే ఉపాయాలు హైపర్‌వైజర్‌కు తెలుసు. కాని వాటిని నమ్ముకుని మెమరీ తక్కువ కొంటే, యంత్రాలన్నీ నత్తనడక నడుస్తవి.

తరవాత డిస్కు సంగతి. పాత రకం హార్డ్ డిస్కులో ఒక పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే సెకండుకు 120 సార్లు. కావలిసిన సమాచారం ముల్లు కిందికి వచ్చేదాకా, సగటున అరచుట్టు ఆగాలి. ముల్లు జరగటానికి కూడా కొంత కాలం పడుతుంది. కనక అక్కడొక ముక్కా ఇక్కడొక ముక్కా వెతకవలసి వస్తే, సెకండుకు సుమారు 100 సార్లకు మించి అందించలేదు. నాలుగు యంత్రాలు ఒక్కసారి అడిగితే దానికి ఊపిరాడదు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేదు. అది సెకండుకు వేల సార్లు అందిస్తుంది. అందుచేత యంత్రాలను ఎస్ఎస్‌డీ మీదా, ఎప్పుడో ఒకసారి తీసి చూసే ఫొటోలను హార్డ్ డిస్కు మీదా పెట్టాలని రాసుకున్నాం.

ఇక కరెంటు. దుకాణంలోని పాత సర్వరు ఊరికే కూచున్నా సుమారు 150 వాట్లు తింటుంది. రోజుకు 24 గంటలు వేసుకుంటే 3600 వాట్ గంటలు, అంటే 3.6 యూనిట్లు. నెలకు 108 యూనిట్లు! మా పని చెయ్యగల చిన్న యంత్రానికి 25 వాట్లు చాలు. అది రోజుకు 0.6 యూనిటు, నెలకు 18 యూనిట్లు. తేడా నెలకు 90 యూనిట్లు. మూడేళ్ళకు 3240 యూనిట్లు. అదిగాక, తిన్న కరెంటంతా వేడిగానే బయటికి వస్తుంది. మే నెలలో 150 వాట్ల కుంపటిని గదిలో పెట్టుకోవటం ఎవరికి ఇష్టం?

మనవరాలు ఈ అంకెలు రెండుసార్లు సరిచూసుకున్నది. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. "పెద్దది కొంటే గొప్పగా వుంటుందనుకున్నాను," అన్నది. కాసేపటికి తనే కాగితం మీద పాత సర్వరు పేరు కొట్టేసింది.

మేము కొన్న చిన్న యంత్రంలో మెమరీకి రెండు గాళ్ళున్నవి. కొన్ని చిన్న యంత్రాలలో ఒకటే గాడి వుంటుంది. అది ఎంత మెమరీ పుచ్చుకోగలదో కొనే ముందే చూసుకోవాలి. ప్రాసెసరులోని వర్చువల్ సదుపాయాన్ని కొన్ని యంత్రాలలో మూసివుంచి అమ్ముతారు. యంత్రం పెట్టగానే సెట్టింగులలోకి వెళ్ళి దాన్ని తెరవాలి. కరెంటు పోయినప్పుడు యంత్రం పద్ధతిగా ఆగటానికి ఒక యూపీఎస్ కూడా తెచ్చాం. వాట్లు తక్కువ కనక చిన్న యూపీఎస్సే సరిపోయింది.

చివరి ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. డిస్కు చెడిపోతే ఆ పాటల గతి ఏమిటి?

"రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాయిద్దాం తాతయ్యా," అన్నది మనవరాలు.

"మంచిదే. కాని ఎవరైనా పొరపాటున ఒక పాట చెరిపేస్తే?" అన్నాను.

ఆమె ఆలోచించి, "రెండిట్లోనూ చెరిగిపోతుంది," అన్నది.

అందుకని మూడో ప్రతి ఒకటి విడి డిస్కు మీద తీశాం. దాన్ని వేరే ఊళ్ళో వున్న మా అమ్మాయి ఇంట్లో పెట్టాం. ఇంటికి నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా ఆ ప్రతి వుంటుంది. అయితే ప్రతి తీసి వూరుకుంటే చాలదు. అందులో నుంచి తిరిగి తెచ్చుకోగలమో లేదో చూడాలి. మనవరాలు అక్కడికి వెళ్ళినప్పుడు, ఆ డిస్కు నుంచి ఒక పాట తీసి ఫోనులో నాకు వినిపించింది. పాట సాంతం వచ్చింది. ఆ రోజున గాని సర్వరు పని పూర్తి అయిందని మేము అనుకోలేదు.

పిల్లలూ! ఏ యంత్రం కొనేటప్పుడైనా, "ఇది ఎంత పెద్దది?" అని ముందు అడగకండి. "దీనికి నేనిచ్చే పనులేమిటి? అది తినేదెంత? చెడిపోతే నాకు పోయేదేమిటి?" అని అడగండి. ఇప్పుడు మీకొక లెక్క: ఒక యంత్రం ఎప్పుడూ 40 వాట్లు తింటూ రాత్రింబగళ్ళు నడుస్తుంది. 30 రోజుల నెలకు ఎన్ని యూనిట్లు అవుతవి? లెక్క చేసి, మీ ఇంటి కరెంటు బిల్లు పక్కన పెట్టి మీ నాన్నగారికి చూపించండి.