అలసటకు జమాఖర్చులు

నేను రక్షణ లెక్కల శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాయపూర్ శంకర్ నగర్‌లో ఉంటున్నాను. చదివింది బీకాం. వైద్యం తెలిసినవాణ్ణి కాను. రాయబోయేది జబ్బు గురించి కాబట్టి ఈ మాట ముందే చెప్పుకోవాలి.

మా పక్కింటివాళ్లది శ్రీకాకుళం వైపు. వాళ్లమ్మాయికి పదహారేళ్లు. పదకొండో తరగతి, కామర్సు. లుకేమియా, అంటే రక్త కేన్సరు వచ్చింది. మొదటి విడతల గట్టి చికిత్స ముగిసి, జబ్బు తిరగబెట్టకుండా దీర్ఘకాలం మందులు వాడే దశలో ఉంది. స్కూలు పోయింది కదా, అకౌంట్సు కాస్త చెప్పండి అని వాళ్లమ్మ అడిగితే ఒప్పుకున్నాను. మూడోరోజు ట్రయల్ బాలన్సు వేస్తూ వేస్తూ ఆ పిల్ల బల్లమీద తలవాల్చి నిద్రపోయింది.

ఆ ఇంట్లో ఈ అలసటకి మూడు వివరణలున్నాయి. మామ్మ దిష్టి అంది. తండ్రి బద్ధకం అన్నాడు. "ఫోను చూడ్డానికి ఓపికుంటుంది గానీ పుస్తకం పట్టుకోడానికుండదు" అని ఆయన బాధ. ఎవరో బంధువు రక్తం పట్టే చూర్ణం అని ఒక డబ్బా తెచ్చిపెట్టాడు. డబ్బా మీద అందులో ఏముందో రాసిలేదు. నేను హేతువాదిని గనక ముగ్గురినీ ఖండించాను. ఖండించి, "ఏమీ చెయ్యకమ్మా, పడుకో, విశ్రాంతి తీసుకుంటే అదే తగ్గుతుంది" అన్నాను.

నా సలహాకి ఆధారమేమిటని నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. అందరికీ తెలిసిన విషయమే కదా అనుకున్నాను. దిష్టి విషయంలో మామ్మ కూడా సరిగ్గా అలాగే అనుకుంటోంది.

రెండు వారాలు పడుకున్నా తగ్గలేదు సరికదా, పిల్ల ఇంకా నీరసించింది. అప్పుడు చదవడం మొదలుపెట్టాను. కేన్సరు అలసట మన మామూలు అలసటలాంటిది కాదు. చేసిన పనికీ కలిగే అలసటకీ పొంతన ఉండదు. నిద్రపోయినా తీరదు. కారణం ఒకటి కాదు. రక్తహీనత, ఇన్ఫెక్షను, నొప్పి, సరిగ్గా తినలేకపోవడం, దిగులు, మందులు, ఇవన్నీ ఉండొచ్చు. వీటిలో చాలావాటిని డాక్టరు కనిపెట్టి సరిచెయ్యగలరు. అందుకే ముందు డాక్టరుకి చెప్పాలి. ఈ పిల్ల చెప్పలేదు. "ఇదుంటుందిలే అనుకున్నాను తాతగారూ" అంది. లుకేమియా పిల్లలకిచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడు నిద్రనీ అలసటనీ మారుస్తుందని 2007లోనే పమేలా హిండ్స్ బృందం ప్రచురించింది. పిల్లలకీ, కౌమారంలో ఉన్నవాళ్లకీ వచ్చే కేన్సరు అలసట మీద 2018లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం మార్గదర్శకాలు ఇచ్చింది. వాళ్లు మొదట సిఫార్సు చేసింది విశ్రాంతి కాదు, శారీరక వ్యాయామం. అలసట తగ్గడానికని మందులు మామూలుగా వాడొద్దన్నారు.

అంటే చూర్ణం తెచ్చినాయనతో పాటు నేనూ తప్పే. కదలకపోతే కండ కరుగుతుంది. కండ కరిగితే చిన్నపనికే ఆయాసం వస్తుంది. ఆయాసమొస్తోందని మళ్లీ పడుకుంటాం. ఇదొక విషవలయం.

నాకు తెలిసిన విద్య ఒకటే. ఒక నోటు పుస్తకం తీసి గీతలు గీశాం. తేదీ, ఎన్ని గంటలు నిద్ర, ఏం పనిచేసింది, ఎంత నడిచింది, ఆరోజు మందులు, పొద్దునా సాయంత్రం అలసటకి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె. డాక్టరుగారిని అడిగితే జ్వరం లేనప్పుడు, ప్లేట్‌లెట్లు బాగున్నప్పుడు నడవొచ్చన్నారు. జ్వరమొస్తే మాత్రం అలసటేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు. తెలీబాంధా చెరువు దగ్గర జనం ఎక్కువని మా వీధిలోనే ఎండ తగ్గాక పది నిమిషాలు నడవడంతో మొదలుపెట్టాం. ఓపికున్న గంటల్లో చదువు, తరవాత స్నేహితురాలితో ఫోను. ఫోనుని దుబారా పద్దులో రాయనివ్వలేదు. తెల్లవారుజామున లేపడం మాన్పించాం. ఈ వయసులో నిద్రవేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది. అది బద్ధకం కాదు.

మూడు నెలల పుస్తకం చూస్తే లెక్క దానంతటదే కనిపించింది. ఆ పిల్లకి నాలుగు వారాలకోసారి ఇంజెక్షను, దాంతోపాటు అయిదు రోజులు స్టెరాయిడు మాత్రలు. ఆ వారంలోనూ, మాత్రలు ఆపిన రెండుమూడు రోజులూ అంకె ఎనిమిది, తొమ్మిది. తరవాత దానంతటదే అయిదుకి, నాలుగుకి దిగుతుంది. ప్రతి నెలా ఇంతే.

మిత్రులారా, ఇక్కడ కాస్త ఆగండి. చూర్ణం ఎప్పుడు మింగిస్తారు? దిష్టి ఎప్పుడు తీస్తారు? పిల్ల మరీ పడిపోయిన రోజున. నాలుగు రోజులకి ఎలాగూ తేరుకునేది తేరుకుంటుంది. పేరు చూర్ణానికొస్తుంది. ఇందులో ఎవరూ అబద్ధమాడక్కర్లేదు, లెక్క రాసుకోకపోతే చాలు. ఇది మామ్మకి పుస్తకం చూపించి చెప్పాను. వాదించినన్నాళ్లూ వినని ఆవిడ అంకెలు చూసి, "అయితే ఆ డబ్బా ఎందుకు, పారెయ్యండి" అంది. ఆ పిల్ల వాడే మందుల భారం ఇప్పటికే కాలేయం మీదుంది. ఊరూ పేరూ లేని చూర్ణం పైన పడితే ప్రమాదమే. కేన్సరు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కానీ చట్టం బంధువుల చేతిసంచీలోకి తొంగిచూడదు కదా.

నడకవల్ల మంచి వారాల్లో అంకె కాస్త తగ్గినట్టే ఉంది. కానీ ఒక్క పిల్ల పుస్తకం ఋజువు కాదు. నడక పేరుతో నేనే కొత్త చూర్ణం అమ్మకూడదు. ఋజువు కావాలంటే చాలామందిని పోల్చిచూసిన అధ్యయనాలు చూడాలి. మా పుస్తకం మాకిచ్చింది వేరు. ఏ వారం కూలబడుతుందో ముందే తెలిసింది. పరీక్షకి చదవాల్సింది మంచి వారాల్లో సర్దుకుంది. తండ్రి బద్ధకం అనడం మానేశాడు. దీనికి మాత్రం ఋజువక్కర్లేదు, పిల్ల మొహం చూస్తే తెలుస్తుంది.

మొన్న పుస్తకం తెరిస్తే చివర కొత్త గడి ఒకటి కనిపించింది. ఏమిటమ్మా ఇది అన్నాను.

"ఎవరెవరు ఏం సలహా చెప్పారో రాస్తున్నాను తాతగారూ. మీ పాత సలహా కూడా వేశాను" అంది.

మొదటి వరసలో నా పేరే ఉంది. ఎదురుగా, పడుకోమన్నారు, పెరిగింది అని రాసుంది. ఆడిట్‌లో దొరికిన పద్దు కదా, కొట్టెయ్యమని అడగలేదు.