మయసభ చదువు

మావాళ్ళలో నాకు కాస్త పలుకుబడి ఉంది. అది జీతంవల్ల వచ్చింది కాదు. లెక్చరరు జీతం సంగతి అందరూ ఎరిగిందే. తెలుగు ఎమ్మే చదివాడు గనక నాలుగు మాటలు పేర్చి ఎవరినైనా దారికి తెస్తాడని వాళ్ళ నమ్మకం. పెళ్ళిసంబంధం తప్పిపోయేట్టున్నా, చేనిగట్టు దగ్గర తగాదా వచ్చినా, "వాణ్ణి పిలవండి, మాట్లాడతాడు" అంటారు. ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నం క్లాసులో పిల్లలు కునుకు తీయకుండా ఆపలేకపోయిన మనిషి ఇంకెవరిని ఆపగలడో వాళ్ళు ఆలోచించరు.

2025 వేసవిలో మా అన్న ఫోను చేసి కర్నూలు రమ్మన్నది కూడా ఇలాంటి పనిమీదనే. వాళ్ళమ్మాయి ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం. హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని కాగితం పంపింది. పిల్ల ఆ కాగితాన్ని పక్కన పెట్టి, గేటు పరీక్ష రాసి, మరి రెండేళ్ళు ఎమ్‌టెక్ చదువుతానంటున్నది. పోనీ అదైనా నలుగురూ చదివే చదువు కాదు. వర్చువల్ రియాలిటీ, ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అట. జోధ్‌పూరు ఐఐటీలో దానికి ప్రత్యేకంగా ఎమ్‌టెక్ ఉందట.

"కళ్ళకు డబ్బా కట్టుకుని గాల్లో చేతులాడించే చదువురా అది. అందుకోసం ఎడారికి పోవాలంట. నువ్వొచ్చి నచ్చజెప్పు," అన్నాడు అన్న.

వెళ్ళాను. దారిపొడుగునా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. తీరా ఇంట్లో అడుగుపెడితే పిల్ల నన్ను నోరు తెరవనివ్వలేదు.

"చిన్నాన్నా, మాట్లాడేముందు ఒకసారి ఇది పెట్టుకో," అని హెడ్‌సెట్టు తెచ్చి తలకు బిగించింది. ప్రాజెక్టుకోసం కాలేజీ ల్యాబులోంచి తెచ్చుకున్నదట.

మరుక్షణం నేను ఏదో కొండకొన మీద ఉన్నాను. కాలి కిందనే అగాధం. మా అన్న హాలులో నాపరాళ్ళ గచ్చు మీద నిలబడి ఉన్నానని నాకు లక్షణంగా తెలుసు. అయినా నా కాలు నా మాట వినలేదు, వెనక్కి గెంతింది. ఏమీ లేదనుకున్న చోట మా వదిన టీపాయి మోకాలికి తగిలింది. దానిమీది గ్లాసులు ఏమయ్యాయో చప్పుడునుబట్టే తెలిసింది.

ఏటా సభాపర్వం పాఠం చెప్పేవాణ్ణి. నీళ్ళున్నచోట నేల అనుకుని పడ్డవాడి గురించి, నేల ఉన్నచోట నీళ్ళనుకుని బట్ట ఎత్తిపట్టుకున్నవాడి గురించి ఎంతో హాస్యంగా చెబుతాను. దుర్యోధనుడిమీద నాకు జాలి కలగడం మాత్రం అదే మొదలు. అక్కడ నవ్వింది ద్రౌపది. ఇక్కడ మా వదిన.

కాసేపు కడుపులో తిప్పింది. ఎందుకని అడిగితే పిల్ల చెప్పింది: కన్ను కదిలానంటుంది, చెవి లోపల తూకం చూసే భాగం కదల్లేదంటుంది, ఈ రెంటి తగవూ కడుపుకు చుట్టుకుంటుంది. తల తిప్పిన తరవాత కళ్ళముందు బొమ్మ మారడానికి సెకనులో యాభయ్యో వంతు కంటె ఎక్కువ పట్టకూడదట. పడితే ఇంతే సంగతులు. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలు. దీనికి 72, 90 కావాలి, అవీ ఒక్కొక్క కంటికి వేరువేరుగా. రెండు కనుపాపల మధ్య ఎడం సగటున 63 మిల్లీమీటర్లు. ఆ కాస్త ఎడంవల్లనే మనకు దగ్గరా దూరమూ తెలుస్తున్నాయి. ఈ కిటుకు పట్టుకుని వీట్‌స్టన్ అనే ఆయన 1838లోనే రెండు బొమ్మలను ఒకటిగా, లోతుగా చూపించాడు. తలకు తగిలించుకునే యంత్రం 1968లో ఐవన్ సదర్లాండు చేశాడు. ఆ రోజుల్లో అది ఎంత బరువంటే, పైకప్పునుంచి వేలాడదీయవలసి వచ్చింది.

వచ్చిన పని మరిచిపోయి ప్రశ్నలు అడుగుతున్నానని అన్న కళ్ళురిమాడు. నేను ఆగలేదు. ఉన్న లోకాన్ని పూర్తిగా మూసేసి మరో లోకం చూపిస్తే అది వర్చువల్. ఉన్నదాన్ని ఉండనిచ్చి దానిమీద లేనిదాన్ని నిలబెడితే ఆగ్‌మెంటెడ్. 2016లో పిల్లలు ఫోన్లు చేతబట్టుకుని వీధుల వెంట పోకెమాన్లను వేటాడింది ఈ రెండోదే. ఇక చదవవలసినవి చెప్పింది. మాతృకల లెక్కలు, బొమ్మలు గీయించే ప్రోగ్రాములు, కన్నూ చెవీ మెదడూ ఎలా పనిచేస్తాయన్న శాస్త్రం. తల ఎటు తిరిగిందో చెప్పడానికి నాలుగు అంకెల లెక్క ఒకటుంది, క్వాటర్నియన్ అంటారు. హామిల్టన్ అనే ఐర్లండు పండితుడికి 1843లో నడిచిపోతూ ఉంటే అది తట్టిందట. మరిచిపోతానేమోనని అక్కడున్న వంతెన రాతిమీదనే గీశాడట. శాసనం వేయించుకున్న లెక్క అన్నమాట! నాకా మనిషి నచ్చాడు.

"అమెరికాలో కార్నెగీ మెలన్‌లో ఇలాంటి చదువు మొదలుపెట్టింది ఇద్దరు చిన్నాన్నా. రాండీ పాష్ అని కంప్యూటరు ప్రొఫెసరు ఒకాయన. రెండో ఆయన డాన్ మారినెల్లి, నాటకం ప్రొఫెసరు," అన్నది పిల్ల. ఇది నాకోసం దాచి ఉంచిన బాణమని వెంటనే గ్రహించాను. గ్రహించినా తగిలింది.

మా అన్న బ్యాంకులో పనిచేస్తాడు. కొత్తది ఏది కనబడినా అప్పుకు వచ్చిన మనిషిని చూసినట్టు చూస్తాడు. "గూగులువాళ్ళు అట్టపెట్టె కళ్ళజోడు 2014లో తెచ్చారు, 2021లో అమ్మడం మానేశారు. మైక్రోసాఫ్టువాళ్ళ హోలోలెన్సు తయారీ 2024లో ఆగిపోయింది. అంత పెద్దవాళ్ళే చేతులెత్తేస్తుంటే ఈమె చదివి ఏం చేస్తుంది?" అన్నాడు. మాటలు కరుకైనా అబద్ధం కాదు. పిల్ల తల వంచుకుని, "పెట్టె మారుతుంది నాన్నా, లోపలి లెక్క మారదు," అన్నది. ఎవరి మాట నిజమవుతుందో తేల్చగల శక్తి నాకు లేదు. కంపెనీ ఇచ్చిన గడువు జూన్ నెలాఖరు.

ఆ సాయంత్రం పిల్ల తన ప్రాజెక్టు సంగతి బయటపెట్టింది. అది మా అమ్మ పుట్టినూరు.

ఆ ఊరు ఇప్పుడు లేదు. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్ళతోబాటు మునిగిపోయింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయీ విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరుడు నీళ్ళలోనే ఉండిపోయాడు. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు బయటపడితే జనం వెళ్ళి మొక్కి వస్తారు. మా అమ్మ ఊరికి అలాంటి పేరేమీ లేదు. నీరు బాగా తగ్గినప్పుడు ఒండ్రులో పునాదిరాళ్ళు తేలతాయి, అంతే. పిల్ల అంతకు ముందటేడు ఎండలో పోయి ఆ రాళ్ళను వందలకొద్దీ ఫోటోలు తీసుకువచ్చింది. ఒకే వస్తువును అన్ని వైపులనుంచీ తీసిన ఫోటోలు ఇస్తే కంప్యూటరు దాని ఆకారం కట్టి ఇస్తుందట. కాని పునాదుల పైన ఏముండేదో ఏ ఫోటోలోనూ లేదు. అది మా అమ్మ దగ్గరే ఉంది.

"అవ్వ చెప్పే మాటలు నాకు సగం తెలియవు. నువ్వు కూర్చో చిన్నాన్నా," అన్నది పిల్ల.

అలా నేను మూడు రోజులు దుబాసీగా కుదిరాను. దంతెలు, గరిసె, గాటిపాడు, గవాచి – ఒక్కొక్క మాటా విప్పి చెప్పడం, ఆమె బొమ్మ గీయడం. గవాచి అంటే మట్టిమిద్దె పైకప్పులో వెలుతురుకు వదిలిన కంత. వాన వస్తే మీద బండ కప్పుతారు. పుస్తకాల్లోని గవాక్షమే ఇక్కడ గోడ వదిలి మిద్దెకెక్కింది. పిల్ల మొదట గోడకు కిటికీ పెట్టి వెలుతురు తెచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. "కిటికీ యాడుండె? వెలుగు పైనుంచి పడాల. పొద్దున గరిసె మీద, మధ్యాన్నం రోలు మీద." పిల్ల ఆ ఊరి అక్షాంశం వేసి, సూర్యుణ్ణి కావలసిన చోట నిలబెట్టింది. మధ్యాహ్నం పన్నెండుకు వెలుతురు రోటి పక్కన జానెడు దూరంలో పడింది. తప్పు సూర్యుడిది కాదు. రోలే జరపవలసి వచ్చింది.

వాకిలి ఎత్తు ఎంత అని అడిగితే అమ్మకు అడుగులూ అంగుళాలూ తెలియవు. "మా నాయన తలగుడ్డ ఉంటే వంగి వచ్చేవాడు, లేకుంటే వంగే పనిల్యా," అన్నది. ఆ ఒక్క మాటను పట్టుకుని పిల్ల అంగుళాల్లో లెక్క తేల్చింది.

నాలుగో రోజున అమ్మకు హెడ్‌సెట్టు పెట్టాము. "మాయాబజారులో పెట్టె మాదిరిదా?" అని అడిగింది. కుర్చీలో కూర్చోమంటే వినలేదు. నేను మోచెయ్యి పట్టుకున్నాను. ముందు తల పైకెత్తి గవాచి చూసింది. తరవాత నాలుగడుగులు వేసి, అన్న ఇంటి హాలు నట్టనడుమ, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, కాలు పైకెత్తి, లేని గడపను దాటింది. దాటి, వంగి, గచ్చును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకోబోయింది. చెయ్యి డబ్బాకు కొట్టుకున్నది.

చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "మడుసులు యారీ పాపా?" అన్నది.

మనుషులను చేయడం చాలా కష్టమని, ముఖం ఏ కొంచెం తేడాపడినా బాగుండదని పిల్ల సంజాయిషీ చెప్పుకుంది. అమ్మ డబ్బా తీసి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం సరిగా తినలేదు. "ముసలిదాన్ని ఏడిపించారు, సరిపోయిందా?" అని అన్న మా ఇద్దరినీ చెడామడా తిట్టాడు. నాకూ తప్పు చేశామనే తోచింది. నిద్ర పట్టలేదు.

తెల్లవారి కాఫీ వేళకు అమ్మే పిలిచింది. "పాపా, గాటిపాడు కుడిపక్క పెట్టినావు. అది ఎడమపక్క. రాసుకో."

అన్న ఆ డబ్బా జోలికి రాలేదు. ఆ ఊరు మునిగేనాటికి వాడికి ఆరేళ్ళు, నేను చంకలో పిల్లవాణ్ణి. సెలవులన్నీ వాడు అక్కడే గడిపాడు. ఆ రాత్రి మంచినీళ్ళకు లేచి చూద్దును గదా, హాలులో చీకట్లో డబ్బా తగిలించుకుని నిలబడి ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని గబగబా తీసేశాడు.

"ఇది మా తాత ఇల్లు కాదురా," అన్నాడు. "అది ఇంకా పెద్దది. మిద్దె చాలా ఎత్తు. గరిసె పక్కన నిలబడితే పైన ఏముందో కనబడేది కాదు."

లోపల్నుంచి పిల్ల వచ్చింది. అది కూడా మేలుకునే ఉంది. ఏమీ మాట్లాడకుండా కంప్యూటరు తెరిచి ఒక అంకె మార్చింది. చూసేవాడి కన్ను నేలకు ఎంత ఎత్తున ఉండాలో చెప్పే అంకె అది. ఐదడుగుల పైచిలుకు ఉన్నదాన్ని మూడున్నరకు దించి, "ఇప్పుడు చూడు నాన్నా," అన్నది.

అన్న మళ్ళీ తగిలించుకున్నాడు. తల పైకెత్తాడు. గరిసె వైపు చెయ్యి చాచాడు, ఏదో అందుకోబోయినట్టు. నేను నీళ్ళు తాగి వచ్చి పడుకున్నాను. వాడు ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు.

నేను సిద్ధం చేసుకుపోయిన ఉపన్యాసం అలాగే ఉండిపోయింది. బస్సు ఎక్కించడానికి వచ్చినప్పుడు అన్న, "జోధ్‌పూరుకు కర్నూలునుంచి నేరుగా రైలు ఉందేమో చూడాల," అన్నాడు. అంతకు మించి ఆ విషయం మా మధ్య రాలేదు.

పిల్ల ఇప్పుడు అక్కడే చదువుతున్నది. ఆదివారాలు ఫోను చేస్తుంది. మొన్న అమ్మ మా ఇంట్లో ఉండగా చేసి, "చిన్నాన్నా, ముత్తాత తలగుడ్డ ఎంత పొడుగుండేదో అవ్వని అడుగు. చుట్టడం మొదలుపెట్టాను," అన్నది.

అడిగాను. అమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, గాలిలో మూరలు కొలుచుకుని, "ఏడు," అన్నది. "ఎర్ర అంచు అని చెప్పు."