బరంపురం బండిలో పాలడబ్బా

అహ్మదాబాద్ బండి వచ్చే రోజు బరంపురం స్టేషన్‌కి వెళ్లి చూడండి. గంజాం జిల్లా సగం అక్కడే ఉన్నట్టు ఉంటాది. ఆస్కా వాళ్లు, హింజిలికాటు వాళ్లు, ఛత్రపురం వాళ్లు. మరమరాల మూటలు, అప్పడాల కట్టలు, ఆవకాయ సీసాలు. నేను 1979లో ఈ బండికి తాతలాంటి బండి ఎక్కి సూరత్ పోయాను. అప్పుడు ఎక్కేది మగోళ్లే. పెళ్లాం పిల్లలు ఊళ్లోనే ఉండేవారు. మేము ఒక్కో గదిలో పదిహేను మందిమి మెస్ కట్టుకొని, పగటి పాళీ వాడు లేచిన చాప మీద రాత్రి పాళీ వాడు పడుకునేవాళ్లం.

ఇప్పుడు చాలామంది కాపురాలతో పోతున్నారు. చంకలో పిల్ల, భుజానికి సంచీ, ఆ సంచీలో పాలడబ్బా. పనిలోంచి దిగిపోయి బరంపురం వచ్చేశాక సాయంత్రాలు నాకు స్టేషన్ వైపు నడవడం అలవాటు. ఆ డబ్బాలు చూసినప్పుడల్లా మన బస్తీ వాళ్లకి ఒక మాట రాయాలని అనుకుంటున్నాను.

ముందు మా ఊరి సంగతి కొంచెం చెబుతాను. ఇది ఒరిస్సాలో ఉన్న ఊరే గాని, 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోనిది. ఇచ్ఛాపురం దాటితే మనదే. బజారులో ఒక మాట ఒడియా, ఒక మాట తెలుగు. దేవాంగుల వీధుల్లో ఇప్పటికీ పట్టు మగ్గాలు ఉన్నాయి. బరంపురం పట్టు అంటే పేరు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర జరుగుతాది. దానికి నేతవాళ్ల పెద్ద, దేశిబెహెరా అంటారు, ఆయన ఇల్లే అమ్మవారికి పుట్టిల్లు. మగ్గం కూడు పెట్టనప్పుడు మా వాళ్లు మరమగ్గాల వెంట పోయారు.

అంతకు ముందు పోయింది రంగూన్‌కి. గోపాలపురం ఇక్కడికి దగ్గరే. ఇప్పుడు దీపస్తంభం చూడ్డానికి, సముద్రంలో ఆడుకోడానికి జనం పోతారు గాని, ఒకప్పుడు అక్కడ రంగూన్ ఓడలు ఆగేవి. తెలుగోళ్లు, ఒడియా వాళ్లు కూలికి అక్కడే ఎక్కేవారు. 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడినప్పుడు ఎంతోమంది అడవుల్లోంచి నడిచి వచ్చారు. మా నాయనమ్మ ఆ కబుర్లు చెప్పేది. చంటిపిల్లల్ని రొమ్ముకి కట్టుకొని నడిచారంట. ఊరు మారినా, దేశం మారినా ఆ పిల్లలకి పాలు మారలేదు. తల్లి ఎక్కడుంటే పాలు అక్కడే.

ఈ మాట పాతకాలం గొప్ప చెప్పుకోడానికి రాయడం లేదు. రొమ్ముపాలు ఉన్న తల్లి ప్రయాణం ముందు వాటిని మాన్పించి డబ్బా అలవాటు చెయ్యక్కరలేదు. "బండిలో పదిమంది ముందు పాలెలా ఇస్తాను బాబాయ్" అని మా వీధి కోడలు పిల్ల ఒకత్తి అడిగింది. పై చెంగు కప్పుకొని ఇయ్యమ్మా, సిగ్గెందుకు అన్నాను. బండి విజయనగరం, రాయగడ, తిట్లాగఢ్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ మీదుగా పోయి సూరత్ చేరేసరికి ఒక రోజు దాటిపోతాది. అంతసేపు మరిగించిన నీళ్లు, కడిగిన సీసా ఎక్కడ దొరుకుతాయి? రొమ్ముపాలకి ఆ బెంగ లేదు. ఆరు నెలలు అవే చాలు, మంచినీళ్లు కూడా వద్దు అని డాక్టర్లు చెబుతారు.

అయితే కొందరికి పాలు ఉండవు. కొందరు మిల్లు పనికి పోవాలి. తల్లి లేని పిల్లలూ ఉంటారు. వాళ్లకి డబ్బా తప్పదు. ఆళ్లని ఎవరూ తప్పుగా చూడకూడదు. ఊరు మారినప్పుడు ఆ డబ్బాతో ఏం జరుగుతుందో సూరత్‌లో నేను కళ్లారా చూశాను.

ప్లేగు వచ్చిన 1994 తరవాత రెండేళ్లకి అనుకుంటా. మా పక్క ఖోలీలోకి మన గంజాం కుర్రోడు భార్యనీ, నాలుగు నెలల గుంటడినీ తెచ్చాడు. ఊరి నుంచి తెచ్చిన డబ్బా వారానికి అయిపోయింది. ఆ పేరు డబ్బా మా వీధి కొట్లో లేదు. వేరేది కొన్నారు. నాలుగు రోజులకి గుంటడికి విరేచనాలు. డబ్బా పడలేదన్నారు. ఇంకోటి మార్చారు. అదీ పడలేదన్నారు. మూడోది తెచ్చారు. గుంటడు రాత్రంతా ఏడుపే. తాగుతాడు, మళ్లీ ఏడుస్తాడు. చేతులు పుల్లల్లా అయిపోయాయి.

సర్కారు ఆసుపత్రికి మేమే తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పిల్లాణ్ణి చూసి, సెలైన్ పెట్టించి, "ఇంట్లో ఉన్న డబ్బాలు, చెంచా, సీసా, అన్నీ తెండి" అంది. నేనే పరుగెత్తి తెచ్చాను. ఆవిడ డబ్బాల్లో ఉన్న కొలచెంచాలు బల్ల మీద వరసగా పెట్టింది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఆ తల్లి మాత్రం ఊరి నుంచి తెచ్చిన పాత చిన్న చెంచాతోనే అన్ని డబ్బాల పొడీ కలిపేది. చేతికి అలవాటైపోయింది మరి. పైగా డబ్బా తొందరగా అయిపోతుందని ఒక చెంచా తగ్గించేది కూడా. నీళ్లు ట్యాంకరువి, కాచలేదు. సీసా పీక లోపల పాలు గడ్డకట్టి ఉన్నాయి.

"డబ్బా తప్పు కాదు. వీడికి పాలే అందలేదు. అందిన నీళ్లు చెడ్డవి" అంది డాక్టరమ్మ. గుంటడు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు.

ఆ రోజు ఆవిడ చెప్పినవి, తరవాత డాక్టర్ల దగ్గరా ఆశా అక్కల దగ్గరా విన్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఆడోళ్లకి చదివి వినిపించండి.

చెంచా: ఏ డబ్బా పొడికి ఆ డబ్బాలో చెంచాయే. కొత్త డబ్బా తెరిచిన రోజే పాత చెంచా పారెయ్యాలి. మన దేశపు డబ్బాలు చాలావాటికి 30 మిల్లీలీటర్ల నీళ్లకి ఒక చెంచా. అమెరికాలో చాలా డబ్బాలకి 60 మిల్లీలీటర్లకి ఒక చెంచా. అక్కడికి పోయిన మన పిల్లలు ఇక్కడి లెక్కన రెండు చెంచాలు వేస్తే పాలు మరీ చిక్కనైపోతాయి. చిక్కనైతే పిల్ల ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాల మీద భారం పడుతుంది. పల్చనైతే పిల్ల ఎండిపోతుంది. గల్ఫ్‌లో డబ్బా మీద అరబ్బీ ఉంటుంది, ఇంగ్లీషు కూడా ఉంటుంది. చదవడం రాకపోతే చదివినవాళ్లని అడగాలి. చెంచా నింపి కత్తి వీపుతో చదును చెయ్యాలి. నొక్కి నింపకూడదు.

నీళ్లు: ముందు నీళ్లు కొలిచి పొయ్యాలి, తరవాత పొడి. నీళ్లు తెర్లేలా కాచాలి. పాలపొడిలో కూడా క్రిములు ఉండొచ్చు గనక, కాచిన నీళ్లు అరగంటలోపు, ఇంకా 70 డిగ్రీల వేడి ఉండగానే పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ తరవాత సీసాని చల్లనీళ్లలో పెట్టి ఆర్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. తాగగా మిగిలింది గంట దాటితే పారబోయాలి. డబ్బు పోతుందని దాచకండి, ఆసుపత్రి ఖర్చు అంతకన్నా ఎక్కువ.

బండిలో: మరిగిన నీళ్లు మంచి ఫ్లాస్కులో, పొడి ఒక్కో పూటకి కొలిచి చిన్న పొడి డబ్బాల్లో వేరే పెట్టుకోండి. కలిపిన పాలు సీసాలో మోసుకుపోవద్దు. విమానంలో చేతి సంచీకి 100 మిల్లీలీటర్ల నియమం ఉన్నా, పసిపిల్లల పాలకి సడలింపు ఇస్తారు. తనిఖీ దగ్గర తీసి చూపించాలి.

డబ్బా మార్చడం: పోయే చోట ఆ డబ్బా దొరుకుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. రెండు వారాలకి సరిపడా తీసుకుపోతే ఊరు కుదురుకునేదాకా ధైర్యం. పిల్ల వయసుకి తగిన మామూలు ఆవుపాల పొడులు ఏ కంపెనీవైనా చాలావరకు ఒకటే. చట్టం అలాగే ఉంది. మార్చాల్సి వస్తే రోజుకి ఒక పూట కొత్తది, మిగతా పూటలు పాతది, అలా పూటలు పెంచుకుంటూ పోవచ్చు. రెండు మూడు రోజులు విరేచనం రంగు మారినా భయపడక్కరలేదు. డాక్టరు చెప్పి పెట్టిన ప్రత్యేకం పొడి అయితే మాత్రం డాక్టరుని అడక్కుండా మార్చొద్దు. ఏడాది లోపు పిల్లకి పొడి బదులు ఆవుపాలు, గేదెపాలు పొయ్యొద్దు.

ఎప్పుడు పరుగెత్తాలి: విరేచనంలో నెత్తురు, ఆగని వాంతులు, ఒళ్లంతా దద్దుర్లు, మూత్రం తగ్గడం, మాడు లోపలికి పోవడం, పిల్ల మత్తుగా పడి ఉండడం. వీటికి డబ్బా మార్చి చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి. ఓఆర్ఎస్, జింకు మందు సర్కారు ఆసుపత్రుల్లో ఊరికే ఇస్తారు.

ఇంకో సంగతి. కొట్టువాడు "దీంతో పిల్ల బొద్దుగా అవుతాది" అని ఖరీదైన డబ్బా చూపిస్తే నమ్మకండి. 1992లో వచ్చిన చట్టం, 2003లో ఇంకా గట్టి చేశారు, దాని ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల డబ్బాపాలకి ప్రకటన చెయ్యకూడదు, ఉచిత నమూనాలు పంచకూడదు, డబ్బా మీద బొద్దు పిల్ల బొమ్మ కూడా వెయ్యకూడదు. ఇలాంటి ప్రకటనల మాట విని ఎన్నో దేశాల్లో పేద తల్లులు రొమ్ముపాలు మానేసి, చెడ్డ నీళ్లలో పల్చగా పొడి కలిపి పిల్లల్ని పోగొట్టుకున్నారు. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి తెచ్చింది, మన చట్టం దాని తరవాతది.

డబ్బున్న దేశంలో ఈ బెంగ ఉండదు అనుకోవద్దు. 2022లో అమెరికాలో ఒక పెద్ద పాలపొడి ఫ్యాక్టరీ ఆగిపోతే కొట్లలో అరలు ఖాళీ అయ్యాయి. అప్పుడు కూడా అక్కడి డాక్టర్లు చెప్పిందేటంటే, ఉన్న పొడిని నీళ్లెక్కువ పోసి సాగదియ్యొద్దు, వేరే కంపెనీది పట్టొచ్చు అని. మా సూరత్ డాక్టరమ్మ చెప్పిన మాటే.

చివరికి మగోళ్లకి ఒక మాట. రాత్రి పాళీ దిగి వచ్చి, నిద్ర కళ్లతో సీసా కలిపేది చాలా ఇళ్లలో మీరే. లూము మీద నూలు నంబరు తప్పితే గుడ్డ పాడవుతాదని మీకు తెలుసు. చెంచా లెక్క కూడా అంతే. కొత్త ఊళ్లో దిగిన రోజే ముందు పొయ్యి వెలిగించి ఒక గిన్నెడు నీళ్లు కాయండి. సామాన్లు తరవాత సర్దుకోవచ్చు.