పాతయంత్రము – పంపకము

మన గృహములలో పాతవస్తువునకు గౌరవము లేకపోలేదు. కళాయి పోయిన యిత్తడిగిన్నెకు మరల కళాయి పెట్టింతుము; చిరిగిన చీరలను పేర్చి బొంత కుట్టుదుము. కాని కంప్యూటరునకు పదియేండ్లు నిండినంతనే దానిని పాతసామానులవానికి తూచి యిచ్చుటకు వెనుదీయము. దానికి వచ్చినది ముసలితనమా, చికిత్సకు లొంగెడి రోగమా యని విచారించువారు అరుదు.

మా యింటి కంప్యూటరు 2014వ సంవత్సరమున కొన్నది. ర్యాము 4 జీబీలు; లోపల తిరుగుడుపళ్లెముల హార్డ్ డిస్కు. మీట నొక్కి, వంటింటిలో కాఫీ కలిపికొని వచ్చినను తెర సిద్ధమయ్యెడిది కాదు. విండోస్ 10 వ్యవస్థకు ఉచితముగా జరుగుచుండిన సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. అంతమాత్రమున యంత్రము ఆగిపోదు. కాని క్రొత్తగా బయల్పడు లోపములు పూడకుండ నుండిపోవును. బ్యాంకు వ్యవహారములు నడపెడి యింట నది చిన్న సంగతి కాదు. విండోస్ 11 నకు పోవుదమన్న, టి.పి.ఎం. 2.0 అను రక్షణాంగము కావలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా ఎనిమిదవ తరమునకు తక్కువ కారాదు. మాది నాలుగవ తరము. ఆ నిబంధనలు రక్షణకై యేర్పడినవే కావున వానిని దూషింపము.

అంగడివాడు పారవేయుమని తీర్పు చెప్పెను. మేము సమ్మతింపలేదు. ముందుగా ఛాయాచిత్రములను, పత్రములను వేఱొక డిస్కులో భద్రపఱచితిమి. పిదప లినక్స్ మింట్ అను వ్యవస్థను, అందును తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపమును, పెన్ డ్రైవులో నింపి, లోపలి డిస్కును తాకకయే నడిపి చూచితిమి. తెర, శబ్దము, వైఫై, ప్రింటరు అన్నియు పలికినవి. దీనికి మూలమైన లినక్స్‌ను 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా నుండి ఆరంభించెను. దాని మూలలేఖనమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును.

తరువాత పాత డిస్కునకు మాఱుగా ఎస్.ఎస్.డి.ని అమర్చి, ర్యామును 8 జీబీలకు పెంచితిమి. జాప్యమునకు ముఖ్యకారణము ప్రాసెసరు కాదు, ఆ డిస్కే. అందు తిరుగుచున్న పళ్లెముపై ముల్లు వెదకి చదువవలెను, ఎస్.ఎస్.డి.లో కదలెడి భాగమే లేదు. ఇప్పుడు నిమిషములోపల తెర సిద్ధమగుచున్నది. కొఱతలును గలవు. బ్రౌజరులో ఇరువది పుటలు తెఱచినచో యంత్రము రొప్పును; విండోస్ కొఱకే వ్రాసిన కొన్ని సాధనములు ఇందు నడువవు.

ఈ వైభవము చూచి మా మేనమామగారు, “అబ్బాయికి కొత్తది కొనవోయ్, అమ్మాయికి ఈ పాతది చాల్లే” యనిరి. ఆ మాట మమ్ము కలచివైచెను. పొదుపు సద్గుణమే. కాని యది యెల్లప్పుడును ఆడుపిల్ల వంతుననే పడునేని దానిపేరు పొదుపు గాదు, పక్షపాతము. మాసిన చీర తల్లికి, మిగిలిన కూర కోడలికి, ముసలి యంత్రము కూతునకు – ఈ వరుస యెన్నాళ్లు?

ఆ ర్యాముపలకను స్వహస్తముతో అమర్చినది మా అమ్మాయియే. అన్న ప్రక్కన నిలిచి దీపము చూపెను. యంత్రమిప్పుడు నడిమియింట నున్నది. ఇల్లాలితోసహా అందఱికిని వేర్వేఱు ఖాతాలు, వేర్వేఱు సంకేతపదములు గలవు. ఎవరి చదువునకు నిజముగా క్రొత్తది కావలసివచ్చునో వారికే మొదట కొందుమని పిల్లలిరువురకును చెప్పితిమి.

సోదరీసోదరులారా, పాతయంత్రమును పారవేయుటకు ముందు ఒక్క సాయంకాలము దానిని పరీక్షింపుడు. పనికిరానిచో, అందలి సీసము వంటి విషపదార్థములు మట్టిలో కలియకుండ, అట్టి వస్తువులను సక్రమముగా విడదీయించువారికే యిండు. పనికివచ్చినచో నిలుపుకొనుడు, కాని యది యెవరి బల్లపైకి చేరుచున్నదో, ఎందులకు వారి బల్లపైకే చేరుచున్నదో కూడ ఒకమాఱు చూచుకొనుడు.