నోరు లేని చుట్టం

కొరమీను పేగులో ఒక్కోసారి సన్నటి తెల్లటి పురుగులు ఉంటాయి. వాటిలో ఒక రకం పేరు పల్లిసెంటిస్. అమ్మ చేప కడుగుతుంటే చూద్దామని పక్కన కూర్చున్నా. "అన్నం తినే ముందు ఇవేం మాటలురా" అని తరిమేసింది.

ఇవి అకాంతోసెఫలాన్లు, అంటే ముళ్ళతల పురుగులు. తల ముందు చిన్న తొండం, దాని నిండా కొక్కేలు. వాటిని పేగు గోడకి గుచ్చుకుని ఉండిపోతాయి. నోరు లేదు, పేగు లేదు. చుట్టూ అరిగిన తిండే కదా, దాన్ని చర్మంతో పీల్చేసుకుంటాయి. పందుల్లో ఉండే జాతిలో ఆడపురుగు అర మీటరు కూడా దాటగలదు.

ఇప్పుడు రొటిఫర్లు. చెరువు నీటిచుక్కని మైక్రోస్కోప్ కింద పెడితే దొరుకుతాయి, చాలావరకు అర మిల్లీమీటరు కూడా ఉండవు. తల దగ్గర వెంట్రుకల్లాంటివి వరసగా కదులుతుంటే చక్రం తిరుగుతున్నట్టు ఉంటుంది. పేరుకి అర్థం కూడా 'చక్రం మోసేది' అనే. లోపల బుల్లి దవడలు. సుమారు 2000 జాతులు. చేపపిల్లల హేచరీల్లో మేత కోసం వీటిని పెంచుతారు కూడా.

ఈ రెండిటికీ చుట్టరికం ఉందంటే ఎవరు నమ్ముతారు? మా టీమ్ అయితే నమ్మలేదు.

మినీ ప్రాజెక్ట్‌కి మేం ఫైలోజెనెటిక్ ట్రీ తీసుకున్నాం. డీఎన్ఏ సీక్వెన్సులు ఇస్తే ఎవరికి ఎవరు దగ్గరో చెట్టులా గీసే ప్రోగ్రామ్ అన్నమాట. బయాలజీ మీద ప్రేమేం కాదు, జెన్‌బ్యాంక్‌లో డేటా ఫ్రీ. 18ఎస్ అనే ఒక్క జీన్ తీసుకుని రన్ చేశాం. ముళ్ళతల పురుగులు పక్కన వేరే కొమ్మగా రావాల్సింది పోయి, రొటిఫర్ల కొమ్మల మధ్యలో వచ్చి కూర్చున్నాయి.

"రేయ్, ఇవి ఔట్‌లయర్లు. తీసేయ్, రేపు రివ్యూ" అన్నాడు మావాడు. తీసేస్తే నిజంగానే ట్రీ నీట్‌గా వస్తుంది, ఎవరూ అడగరు కూడా. పైగా వాడి మాటలో న్యాయం ఉంది. ఈ పురుగుల జీన్ చాలా వేగంగా మారింది. డీఎన్ఏలో ఉన్నవి నాలుగే అక్షరాలు. మార్పులు ఎక్కువైతే సంబంధం లేని రెండు సీక్వెన్సుల్లో కూడా ఒకే చోట ఒకే అక్షరం కాకతాళీయంగా వచ్చేస్తుంది. అప్పుడు అల్గారిథమ్ వాటిని చుట్టాలనుకుని కలిపేస్తుంది. లాంగ్ బ్రాంచ్ ఎట్రాక్షన్ అంటారు. దీని మీద రాత్రి రెండింటిదాకా గొడవపడ్డాం.

నన్ను ఒప్పించింది కోడ్ కాదు, చర్మం. ఈ రెండు గుంపుల్లోనూ చర్మంలో కణాల మధ్య గోడలుండవు. ఒకే పొర, అందులో బోలెడు కేంద్రకాలు. ఆ పొరకి గట్టిదనం ఇచ్చే భాగం కూడా మామూలుగా ఉండేలా బయట కాకుండా లోపలే ఉంటుంది. చర్మానికి మన అల్గారిథమ్ సంగతి తెలీదు కదా! వెతికితే 1996లోనే ఇదే 18ఎస్ జీన్‌తో ఇదే మాట చెప్పిన పేపర్ దొరికింది. ఇప్పుడు రెండిటినీ కలిపి సిండెర్మేటా అంటున్నారు, అంటే కలిసిపోయిన చర్మం ఉన్నవి.

సీక్వెన్సులు తీసేయలేదు. "టెక్స్ట్‌బుక్‌లో రెండూ వేరే ఫైలాలు కదా?" అని రివ్యూలో అడిగారు, మార్కులు తగ్గాయి. మావాడు రెండ్రోజులు మాట్లాడలేదు. నాకు మాత్రం ఇంటి మనిషిని పోలికలు లేవని రేషన్ కార్డులోంచి కొట్టేసినట్టు అనిపిస్తుంది ఆ టెక్స్ట్‌బుక్ లెక్క. చక్రం, దవడలు, పేగు అన్నీ వదిలేసుకుందనుకోండి, పుట్టిన ఇల్లు మారుతుందా?

రొటిఫర్లలో ఎవరు వీటికి అందరికంటే దగ్గర అనేది ఇంకో గొడవ. మగవే లేకుండా బతికే డెల్లాయిడ్లు అని కొందరన్నారు. తర్వాత ఎక్కువ జీన్లతో చూస్తే సైసన్ ముందుకొచ్చింది. అది నెబాలియా అనే సముద్రపు రొయ్యలాంటి జీవిని పట్టుకుని బతుకుతుంది. లోపలికి దూరకపోయినా, ఇంకొకరి ఒంటి మీద బతకడం అప్పటికే అలవాటన్నమాట.

2025లో చైనాలోని ఇన్నర్ మంగోలియాలో దొరికిన ఒక శిలాజం గురించి నేచర్‌లో వచ్చింది. వయసు 16 కోట్ల ఏళ్ల పైమాటే. తల మీద కొక్కేల తొండం, అచ్చం ముళ్ళతల పురుగే. కానీ లోపల దవడల్లాంటివి ఇంకా ఉన్నాయి.